తిండికోసరమే పోయినాం, అయితే ఏమి?

పెద్దనాయన మన కుటుంబం గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టినారు. "రెండు రాత్రుల కోసరం, అదీ తిండికోసరం, మొగుడూ పెండ్లామూ సముద్రం దాటి పోయినారంట. ఏం, ఇంట్లో సోరు లేదా?" దాని కింద పదకొండు మంది నవ్వు బొమ్మలు పెట్టినారు. ఆ పదకొండు మందిలో మాలో ఒకరి తమ్ముడు కూడా ఉన్నాడు. వాడికని పెనాంగు నుంచి తెచ్చిన జాజికాయ మిఠాయి డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. అది ఇక వాడికి చేరదు.

గ్రూపులో జవాబు చెప్పి లాభం లేదు. గుడ్ మార్నింగ్ పూల కింద పూడిపోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాము. పెద్దనాయన మీద మాకు గౌరవం తక్కువ కాదు. చిన్నప్పుడు మా చేతికి తెలుగు అక్షరాలు పట్టించింది ఆయనే, ఈ మాటలు తెలుగులో రాయగలుగుతున్నామంటే ఆయన చలవే. కానీ ఆయన అన్నది తప్పు. ఆ తప్పు మా విమానం టిక్కెట్టుతో ఆగిపోయేదైతే నవ్వి ఊరుకుందుము. అది మన ఇంటి వంటల పుస్తకం దాకా వచ్చింది.

పుస్తకం సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు. వచ్చే పొంగల్‌కు కోవిల్పట్టి పక్కన మన ఊర్లో అందరం కలిసినప్పుడు ఇంటికొకటి చొప్పున ఇవ్వాలని వంటల పుస్తకం తయారవుతున్నది. అత్తలూ చిన్నమ్మలూ ఫోన్లో చెప్పినవి మేమూ కొన్ని రాసి ఇచ్చినాము. పోయిన నెల తుది జాబితా వచ్చింది. అందులో పదిహేడు వంటలు కొట్టేసినారు. కారణం ఒక్కటే: "ఇవి అరవ వంటలు, మనవి కావు." వాటికి బదులు తొమ్మిది కొత్తవి చేరినాయి. పూతరేకులు, గుత్తి వంకాయ, ఉలవచారు, ఇంకా ఏవో. మన అవ్వ పూతరేకు అంటే ఏమిటో చూడకుండానే పోయింది. ఆమె వారానికి రెండు తడవలు వండిన కరువాడు పులుసు మాత్రం కొట్టేసిన వాటిలో ఉంది.

ముందు ప్రయాణం సంగతి తేల్చుకుందాం.

తిండికోసం ఊరు దాటడం మన ఇంట్లో ఎప్పటినుంచి తప్పయింది? సాత్తూరులో రైలు ఆగితే కారాసేవు పొట్లం కొనని మగవాడు మన వంశంలో ఉన్నాడా? తిరునెల్వేలి హల్వా కోసం తాత నెల్లై ఎక్స్‌ప్రెస్ తప్పించుకొని తెల్లవార్లూ స్టేషన్లో కూర్చున్న కథ చెప్పి చెప్పి నవ్వేది పెద్దనాయనే కదా. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ దర్శనం అయినాక పాల్కోవా అంగడికి పోతామా, పాల్కోవాకు పోతూ దర్శనం చేసుకుంటామా అన్నది దేవుడికే తెలుసు. మన కోవిల్పట్టి కడలైమిట్టాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన దినం గ్రూపులో పండగ చేసినాము. ఒక ఊరి చేతికి ఒక రుచి ఉంటుంది, దాన్ని ఆ ఊర్లోనే తినాలి అని మనకు తెలుసు. మన ఊరికి వర్తించేది ఇంకొకరి ఊరికి వర్తించదా?

ఇంకొకటి. మూడేళ్ళ కిందట మన వాళ్ళం పద్నాలుగు మంది ఒక టూరు కంపెనీ పట్టుకొని మలేషియా, సింగపూరు చూసివచ్చినాము. ఐదు రాత్రులు. ప్రతి రాత్రీ బస్సు ఏదో ఒక ఉత్తరాది హోటలు ముందు ఆగేది. పనీరు, పసుపు పప్పు, గులాబ్ జామూన్. పొద్దున పూట అందరి పెట్టెల్లో నుంచి ఇడ్లీ పొడి, చింతపండన్నం, ఊరగాయ బయటికి వచ్చేవి. మేమూ తీసుకుపోయినాము, దాచేదేముంది. ఐదు దినాల్లో ఆ దేశం వాళ్ళు వండిన ఒక్క మెతుకు మనలో ఎవరి నోట్లోకీ పోలేదు. జంట గోపురాల ముందు ఫోటోలు మాత్రం రెండువందలు. దాన్ని ఎవరూ దండుగ అనలేదు. మేమిద్దరం అందులో నాలుగోవంతు ఖర్చుతో రెండు దినాలు ఆ మనుషుల పక్కన ముక్కాలిపీట మీద కూర్చొని తిని వస్తే అది దండుగ అయింది.

చెన్నై నుంచి పెనాంగుకు ఇప్పుడు నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల ప్రయాణం. చెన్నై నుంచి కోవిల్పట్టికి రైల్లో పోయేదానికంటే తక్కువ. భారతీయులకు 2023 డిసెంబరు నుంచి వీసా కూడా అడగడం లేదు. శుక్రవారం రాత్రి ఇల్లు వదిలి, శనివారం పొద్దున దిగి, గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకున్నాము. పెట్టె హోటల్లో పడేసి నేరుగా జార్జ్ టౌన్ పాత వీధుల్లోకి నడిచినాము. 1786లో ఇంగ్లీషువాళ్ళు రేవు పెట్టిన ఊరు అది. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చూడను గుడులు, మసీదులు, చైనా వంశాల మండపాలు కావలసినన్ని. మేము చూసిన వరస మాత్రం ఆకలి చెప్పిన వరస.

మొదట నాసి కందార్. నాసి అంటే అన్నం, కందార్ అంటే కావిడి. ఒకప్పుడు తమిళ ముస్లింలు కావిడి ఒక చివర అన్నం కుండ, ఇంకో చివర కూరల కుండలు పెట్టుకొని రేవులో మూటలు మోసే కూలీలకు అమ్మేవాళ్ళు. ఆ కావిడి పోయింది, పేరు నిలిచింది. క్యాంప్‌బెల్ వీధిలో హమీదియా అనే హోటలు 1907 నుంచి ఉన్నట్టు రాసుకున్నారు. మేము తిన్నది అక్కడే. బిర్యానీ లాంటి వాసనేమీ లేని తెల్లన్నం. పక్కన కోడి, చేప, గొర్రె, బెండకాయ, కణవాయి, ఏడెనిమిది రకాల పులుసులు. మనకేది కావాలో వేలుతో చూపిస్తే వడ్డించే అతను ముక్క వేసి, ఇక గరిటె తీసుకొని ఒక్కొక్క కుండలో నుంచి కొంచెం కొంచెం ముంచి అన్నీ ఒకే అన్నం మీద పోసేస్తాడు. బాగా మునిగేటట్టు పోయాలంటే "బంజిర్" అనాలి. వరద అని అర్థం.

మాకు ప్రాణం పోయినంత పని అయింది. మన ఇంట్లో ఆకు వేస్తే పప్పు పప్పే, పులుసు పులుసే, చారు చారే. ఒకటి ఇంకొకదానిలోకి పారితే అవ్వ కండ్లతోనే కొట్టేది. ఇక్కడ పారించడమే వంటవాడి విద్య. మొదటి ముద్దకు ఏదీ తెలియలేదు. మూడో ముద్దకు సోంపు, కరివేపాకు, కాల్చిన కొబ్బరి వేరువేరుగా కాక ఒక్కటిగా తగిలినాయి. ఐదో ముద్దకు మాట్లాడుకోవడం మానేసినాము. ఆ పులుసు తమిళమా, మలాయా, ముసల్మానులదా అని అడిగితే వడ్డించినతను ఏం చెప్పేవాడో? "పెనాంగుది" అనేవాడు. అంతకు మించి చెప్పేది ఏముంది దానికి?

మధ్యాహ్నం ఆసమ్ లాక్సా. దీన్ని గురించి కొంచెం ఎక్కువే రాస్తాము, ఓర్చుకోండి.

ఆసమ్ అంటే పులుపు, చింతపండు. మన వైపు అయిలై అనే చేపను, కోస్తావాళ్ళు కానాగంత అనేదాన్ని, ఉడికించి ముళ్ళు తీసి ఆ గుజ్జును చింతపండు పులుసులో కలుపుతారు. దానిలో తెల్లగా లావుపాటి బియ్యం సేవలు. పైన కీరకాయ, అనాస ముక్కలు, ఉల్లి, పుదీనా, ఒక రకం అల్లపు చెట్టు పూమొగ్గ సన్నగా తరిగి వేస్తారు. ఆఖరున రొయ్యలు నానబెట్టి కాచిన నల్లటి పాకం ఒక చెంచా. అది తీపిగా, కంపుగా ఉంటుంది. మొదటి చెంచా నోట్లో పెట్టుకొని మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. మాలో ఒకరు అన్నారు, "ఇది అవ్వ పులుసు." ఇంకొకరు అన్నారు, "అవ్వ పులుసులో బెల్లం గడ్డ వేసేది కదా, ఆ పని ఈ రొయ్యల పాకం చేస్తున్నది."

ఇంగువ లేదు, మెంతులు లేవు, పోపు లేదు. ఐనా అదే చేప, అదే చింతపండు, అదే తీపి చివర. అక్కడ చైనావాళ్ళూ మలాయివాళ్ళూ ఎవరికి వాళ్ళు ఇది మాదే అంటారు. ఇద్దరూ వండుతారు. వండి అమ్ముతారు. కొట్టేయరు.

సాయంత్రం ఒక చైనా పెద్దాయన బండి దగ్గర "అపోమ్" తిన్నాము. మట్టి మూకుడులాంటి చిన్న చిన్న బాండీలు బొగ్గుల మీద వరసగా పెట్టుకొని, పిండి పోసి, అరటిపండు ముక్కలు వేసి మడిచి ఇస్తాడు. అపోమ్ అంటే మన అప్పమే. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకు తెలుసో లేదో మేము అడగలేదు. ఆయన వెనక బోర్డు మీద రోమన్ అక్షరాల్లో అపోమ్ అని ఉంది, కింద చైనా అక్షరాలు. దాన్ని చైనా పేరుకు మార్చుదాం, ఇది మన వంట కాదు అని ఆ ఇంట్లో ఏ కమిటీ కూర్చోలేదు. ఇడియాప్పం అక్కడ పుట్టు మాయమ్. మురుకు మురుకే. వడ "వడే". కొంచెం అటూ ఇటూ వంగినాయి, అంతే.

రాత్రి చార్ క్వే తియావ్. వెడల్పాటి బియ్యపు పట్టీలు, రొయ్యలు, సముద్రపు గుల్లలు, గుడ్డు, మొలకలు. ఎర్రటి బొగ్గుల మీద ఇనప బాండీలో ఒక్కొక్క పళ్ళెం విడిగా వేయిస్తాడు. పది పళ్ళాలు ఒకసారి వేయించి కుప్పపోసి అమ్మడు. నలభై నిముషాలు నిలబడినాము. పంది కొవ్వు వేసేది ఆనవాయితీ, మాలో ఒకరు తినరు కనుక అది లేని బండి వెతుక్కున్నాము. పళ్ళెం ఎనిమిది రింగిట్లు, అంటే మన 160 రూపాయలకు దగ్గర. చెన్నైలో మాల్ కాఫీ ఒకటి అంతకంటే ఎక్కువ. మాంసం తినని అత్తలు "మాకక్కడ ఏముంది" అంటారని తెలుసు. బౌద్ధుల శాకాహారపు బండ్లు బోలెడున్నాయి, చైనా అక్షరం ఒకటి గుర్తు పెట్టుకుంటే చాలు. బండివాడిని రెండు సార్లు అడగడానికి సిగ్గుపడకూడదు. పనీరు బస్సు అక్కడ అక్కరలేదు.

ఆదివారం పొద్దున చిన్న తప్పు చేసినాము, ఒప్పుకుంటాము. లిటిల్ ఇండియాలో 1833 నాటి మారియమ్మన్ గుడి పక్కన ఇడ్లీ తిన్నాము. ఒక దినానికే ఇల్లు గుర్తొచ్చింది. పెద్దనాయన నవ్వుకోవచ్చు. ఇడ్లీ మామూలుగా ఉంది. కానీ అక్కడ పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ మా మాట చెవిలో పడి తిరిగింది. "ఏమండీ, తెలుగువారా?" అని. ఆ "అండీ" వినగానే మాకు సినిమా విన్నట్టుంది. మన వైపు ఎవరంటారు అట్లా? వాళ్ళ పెద్దలు వైజాగు వైపు నుంచి వచ్చి పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతో దగ్గర కొబ్బరి తోటల్లో పనిచేసినవాళ్ళట. మలయాకు కూలీలుగా పోయిన తెలుగువాళ్ళు ఎక్కువగా ఆ దిగువ పెరాక్ తోటల్లోనే కుదురుకున్నారు. 1950లలోనే అక్కడ ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, ఇప్పటికీ ఉగాది జరుపుకుంటారు.

మేము గోగాకు అంటే ఆమె గోంగూర అంది. "మా ఇంట్లో గోంగూర పచ్చడిలో బెలచాన్ వేస్తాం, లేకపోతే పిల్లలు తినరు" అంది. బెలచాన్ అంటే రొయ్యలు ఉప్పులో కుళ్ళబెట్టి ఎండబెట్టిన ముద్ద. మలాయి వంటకు అదే ప్రాణం. ఆమె ఆ మాట ఎట్లా అనిందంటే, మనం "పప్పులో ఉప్పు వేస్తాం" అన్నట్టు అనింది. తప్పు చేసిన ముఖం లేదు, గొప్పా లేదు.

ఆమె లేచి పోయినాక మేము మన పదిహేడు వంటల జాబితా ఫోన్లో తీసి మళ్ళా చదువుకున్నాము.

అక్కడినుంచి నాలుగడుగులు నడిస్తే కాపితాన్ క్లింగ్ మసీదు. 1801లో దక్షిణ భారతపు ముస్లిం వర్తకులు కట్టించినది. క్లింగ్ అంటే కళింగ. గోదావరికి పైనుంచి ఒడిషా దాకా ఉన్న మన తీరం పేరే సముద్రం దాటి అక్కడ దక్షిణాదివాళ్ళందరికీ పేరైంది. ఇప్పుడు అది అక్కడ తిట్టు. ఎవరినైనా ముఖాన ఆ మాట అంటే గొడవలవుతాయి. మసీదు గోడ మీద మాత్రం గౌరవంగా ఉంది. ఆ బోర్డు ముందు ఎండలో చాలాసేపు నిలబడినాము. మనకూ అట్లాంటి పేర్లున్నాయి కదా. తమిళంలో మనం వడుగర్, అంటే ఉత్తరం వాళ్ళం. నాలుగైదు వందల ఏళ్ళు కరిసల్ నేల దున్నినా ఉత్తరం వాళ్ళమే. హైదరాబాదు పెండ్లికి పోతే మన మాట విని "మీది అరవ తెలుగా" అని పిల్లలు కూడా నవ్వుతారు. ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ మనబోటి వాళ్ళ వలస కథను "గోపల్ల గ్రామం" అని నవలగా రాసినారు. రాసింది తమిళంలో. అందువల్ల ఆ కథ మనది కాకుండా పోయిందా?

ఆ మధ్యాహ్నం నోన్యా భోజనం. ఈ మాట మన పుస్తకం కమిటీవాళ్ళు జాగ్రత్తగా వినాలి. వర్తకానికి వచ్చిన చైనా మగవాళ్ళు అక్కడి ఆడవాళ్ళను చేసుకున్నారు. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళను నోన్యాలంటారు. చైనా పద్ధతి, మలాయి మసాలా, కొబ్బరిపాలు, బెలచాన్, మన వైపు నుంచి పోయిన కూరపొడి, అన్నీ కలిసిన వంట వాళ్ళది. ఊరగాయలాంటి దానికి అచార్ అనే పేరు. కోడికూరకు కరీ కపితాన్ అని పేరు. ఏ పేరు ఎవరి నుంచి వచ్చిందో చూసి వాళ్ళు సిగ్గుపడలేదు. కలిసిన వంటకే ఒక పేరు పెట్టినారు: నోన్యా వంట. ఇవాళ ఆ పేరుతో పుస్తకాలున్నాయి, హోటళ్ళున్నాయి, మాబోటివాళ్ళు విమానమెక్కి వస్తున్నారు.

మనమూ వాళ్ళలాగే కలిపి వండుతున్నాము. మన వంటకు పేరు కూడా లేదు. కరువాడు తమిళం, పులుసు తెలుగు. ఆ రెండు మాటలు ఒక కుండలో ఉడికింది మన అవ్వ పొయ్యి మీద. విజయవాడలో దాన్ని ఆ పేరుతో అడిగితే తెలియదు, మదురైలో ఆ పేరుతో అడిగితే నవ్వుతారు. భూమి మీద మన ఇళ్ళల్లో తప్ప ఇంకెక్కడా లేని వంట అది. మనది కాదని కొట్టేసింది సరిగ్గా దాన్నే. దొంగతనం పోయిన సొమ్ముకు ఫిర్యాదు ఇస్తాం కానీ, ఇంటి సొమ్మును మనమే వీధిలో పారేస్తే ఎవరికి చెప్పుకోవడం?

శుద్ధమైన తెలుగు వంట అని జాబితాలో రాసినారు. శుద్ధం సంగతి కొంచెం చూద్దాం. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. తాళ్ళపాక అన్నమాచార్యులు 1503లో పోయినారు. ఆయన తిన్న కూరలో కారం అంటే మిరియమే. గోగాకు పుట్టిల్లు ఆఫ్రికా. చింతచెట్టు పుట్టిల్లూ ఆఫ్రికానే. మిరప, గోగాకు, చింత తీసేస్తే ఆ తొమ్మిది శుద్ధమైన వంటల్లో మిగిలేది ఏమిటో కమిటీవాళ్ళే వండి చూపించాలి. దూరం నుంచి వచ్చింది మనది కావచ్చు, పక్కింటి నుంచి వచ్చింది కాకూడదు, ఇదేం లెక్క?

పెనాంగు వాళ్ళందరూ పెద్దమనసు దేవతలని మేము చెప్పడం లేదు. అక్కడ కూడా ఈ రోగం ఉంది. 2016 నుంచి బండ్ల దగ్గర స్థానిక వంటకాలు కొన్నింటిని పరదేశీ కూలీలు వండకూడదని ఆ రాష్ట్ర ప్రభుత్వం నియమం పెట్టింది. రుచి చెడిపోతుందని భయం. భయంలో కొంత నిజం లేకపోలేదు. జీతానికి వచ్చి నాలుగు నెలల్లో పోయే పనివాడికి చెయ్యి కుదరదు. కానీ ఆ నియమం కాపాడుతున్న వంటలన్నీ ఎవరివి? కావిడి మోసిన తమిళుడివి, బాండీ తిప్పిన చైనా కూలీవి. తాతలు పరదేశీలై వండినందుకే మనమలకు కాపాడుకోవలసిన వంట ఉంది. ఈ నియమం అప్పుడే ఉంటే నాసి కందార్ కావిడి రేవులోనే దిగిపోయేది.

ఇక పెద్దనాయన అసలు మాట. గ్రూపులో కాదు, మాకు విడిగా ఫోన్ చేసి చెప్పినది. ఆయన అనుమతితోనే రాస్తున్నాము. "నేను మిమ్మల్ని ఎగతాళి చేసింది తప్పే. కానీ నా బాధ మీకు తెలియదు. భాష పోయింది. నా మనవళ్ళకు నా పేరు తెలుగులో చదవను రాదు. ఇంక మనకని మిగిలింది వంట ఒకటే. దాన్ని కూడా అరవంలో కలిపేస్తే, మనం ఎవరమని అడిగితే ఏం చూపించేది?"

ఈ మాటకు మేము రెండు వారాలు జవాబు చెప్పలేదు. చెప్పగలిగే జవాబు దొరకలేదు. మా పిల్లకు కూడా ఈ పుట చదవను రాదు, మేము చదివి వినిపించాలి.

ఇప్పుడు చెబుతున్నాము, పెద్దనాయనా. భాష కలిసి పోలేదు, దాచి పోయింది. బస్సులో తెలుగు మాట్లాడితే ఎవరైనా తిరిగి చూస్తారని గొంతు తగ్గించినాము. స్కూల్లో పిల్లల్ని మాట్లాడొద్దన్నాము. ఇంట్లో కూడా అవ్వతో మాత్రమే మాట్లాడినాము, అవ్వ పోయింది. మాటల్లో నాలుగు తమిళ ముక్కలు పడినందుకు ఏ భాషా చావదు. మీ నోట్లో సోరు అనే మాట లేదా, మీరు తెలుగువాళ్ళు కాకుండా పోయినారా? వంట బతికింది ఎందుకంటే దాన్ని మనం దాచలేదు. కరువాడు వేయిస్తే వాసన పదిళ్ళకు పోయేది, పక్కింటి నాడార్ పెద్దమ్మ గిన్నె తీసుకొని వచ్చేది, ఆమె మొచ్చకొట్టై గింజలు వేయమని చెబితే అవ్వ వేసింది. అప్పటినుంచి ఆ పులుసులో మొచ్చకొట్టై ఉంది. ఆ గింజ తీసేస్తే పెద్దమ్మ పోతుంది, అవ్వ కూడా పోతుంది. పూతరేకుల పుటలో వీళ్ళిద్దరూ లేరు. యూట్యూబులో ఎవరో ఉన్నారు.

మీ మనవళ్ళు ఎవరమని అడిగితే ఆత్రేయపురం మిఠాయి చూపిస్తారా? అది ఆ ఊరివాళ్ళ విద్య, వాళ్ళ చేతుల్లో గొప్పగా ఉంటుంది. మేమూ ఒకనాడు అక్కడికి పోయి తింటాము, తిండికోసరమే పోతాము. దాన్ని మన ఇంటిదని అచ్చువేస్తే అది అబద్ధం, వాళ్ళకూ మనకూ.

కనుక మా అడిగేది ఇది. పదిహేడూ తిరిగి చేర్చండి. పేర్లు మార్చకండి. కరువాడు పులుసును "ఎండు చేపల పులుసు" అని దిద్దితే చేర్చినట్టు కాదు. అవ్వ ఆ మాట ఒక్కనాడూ అనలేదు. తొమ్మిది కొత్తవి కావాలంటే వెనక వేరే భాగంగా వేసుకోండి, "మేము నేర్చుకున్నవి" అని రాయండి, మాకు అభ్యంతరం లేదు. ఆ భాగంలో ఆసమ్ లాక్సా కూడా పెట్టవచ్చు, రాసి ఇవ్వడానికి మేము సిద్ధం. ఇదేదీ కుదరదంటే మేము రాసి ఇచ్చిన పుటలు కూడా తీసేయండి, మా పేర్లతో సహా. అది అలకమాట కాదు. నాలుగు వారాలు ఆలోచించి రాస్తున్నది.

కరువాడు పులుసు పుట మళ్ళా శుభ్రంగా రాసి పంపినాము. కమిటీవాళ్ళు పోగొట్టకుండా ఉండటానికి ఇక్కడ కూడా పెడుతున్నాము. నెత్తిలి కరువాడు తలలు తీసి వేడినీళ్ళలో రెండు మూడు సార్లు కడగాలి, ఇసుక పోయేదాకా. నువ్వులనూనె ధారాళంగా పోసి మెంతులు, కరివేపాకు, చిన్నుల్లి, పొట్టు తీయని తెల్లగడ్డ వేయించాలి. వంకాయ నాలుగు చీలికలు, ముందు రాత్రి నానబెట్టి ఉడికించిన మొచ్చకొట్టై ఒక గుప్పెడు. మిరపపొడి, ధనియాలపొడి, పసుపు. చింతపండు పులుసు చిక్కగా పోసి నూనె పైకి తేలేదాకా కాగనివ్వాలి. ఉప్పు అప్పుడే వేయకూడదు, కరువాడులో ఉంటుంది. ఆఖరున చేప వేసి ఐదు నిముషాలు. దించే ముందు నిమ్మకాయంత బెల్లం. ఆ పూట తినకూడదు, మరుసటి పొద్దున సజ్జన్నంతో తినాలి.

కనుమ ముందు దినానికి ఊరు చేరుతాము. నెత్తిలి తూత్తుకుడిలో మేమే కొనుక్కొని వస్తాము. పెరట్లో కట్టెల పొయ్యి కడిగి పెట్టమని చిన్నమ్మకు చెప్పినాము. పెద్దనాయన పక్కన మాకు రెండు ఆకులు వేయించి పెట్టండి. తమ్ముడు వస్తే ఆ జాజికాయ డబ్బా అప్పుడు ఇస్తాము, నవ్వు బొమ్మ తీసేస్తేనే.